నా వంతుకు 'టేక్' వచ్చింది

మా ఆఫీసులో బడిపిల్లల కోసం ఇంగ్లీషు–ఫ్రెంచి నిఘంటువు ఒకటి తయారవుతున్న రోజులవి. 'టి' అక్షరాన్ని మాకందరికీ పంచిపెట్టినప్పుడు నా పక్క కుర్చీ ఆవిడకి టేబులూ, టెలిఫోనూ, ట్రెయినూ లాంటి సాధుజంతువులు దక్కాయి. టేబుల్‌కి ఫ్రెంచిలోనూ అదే మాట, పలకడంలోనే తేడా. ఆవిడ నాలుగు ముక్కలు రాసి పారేసి వేసవి సెలవులకి చెల్లెలి ఇంటికి చక్కా పోయింది. నాకు 'టేక్' తగిలింది.

టేక్ అంటే తీసుకోవడం, దానికి ఫ్రెంచిలో 'ప్రాంద్ర్' అనే మాట ఉంది, ఇక గొడవేముంది అని మా ఆయన అన్నాడు. అనేవాళ్ళకేం. ఫ్రెంచివాళ్ళు మందు తీసుకుంటారు, బస్సు తీసుకుంటారు, స్నానం కూడా తీసుకుంటారు. అంతవరకూ బాగానే ఉంటుంది. షికారు మాత్రం తీసుకోరు, చేస్తారు. కోటు టేక్ ఆఫ్ చేస్తే ఒక మాట, విమానం టేక్ ఆఫ్ అయితే దానికీ దీనికీ చుట్టరికం లేని ఇంకో మాట. వస్తువుని వెంట తీసుకెళ్తే ఒకటి, మనిషిని తీసుకెళ్తే మరొకటి. ఇంగ్లీషువాడు అన్ని పనులకీ ఒకే నౌకరుని పెట్టుకున్నాడు. ఫ్రెంచివాడు పనికొకణ్ణి పెట్టుకున్నాడు. మధ్యలో చచ్చేది నాలాంటి వాళ్ళు.

సంపాదకురాలు మాట తక్కువ మనిషి. వేసవి అయ్యేలోగా పని పూర్తి చెయ్యాలనీ, ఇది బాగా వస్తే నన్ను ఒప్పందం మీద కాకుండా పర్మినెంటుగా తీసుకుంటామనీ చెప్పింది. ఆ ఉద్యోగం కోసం నేను ఎన్నేళ్ళుగా కాచుకుని ఉన్నానో ఆవిడకి తెలుసు. అందుకే ఎవరూ ముట్టుకోని మాట నాకు అంటగట్టింది.

సరిగ్గా ఆ వేసవిలోనే మా అమ్మ ఉండే భవనంలో నీళ్ళ గొట్టాలన్నీ పీకి కొత్తవి వెయ్యడం మొదలుపెట్టారు. ఇంట్లో చుక్క నీరు లేదు, గోడలకి కన్నాలు. కొన్నాళ్ళేగా అని అమ్మని మా ఇంటికి తీసుకొచ్చాను. మా ఇల్లు మూడో అంతస్తులో, రెండు పడగ్గదులు. ఒకటి మాది. రెండోది మామయ్యగారిది. అత్తయ్యగారు పోయాక ఆయన మా దగ్గరే ఉంటున్నారు. అమ్మకి హాల్లో సోఫా వేశాం. పగలు ఆ హాల్లోనే భోజనాల బల్ల మీద నా కాగితాలు, నిఘంటువులు, కంప్యూటరు. మేము పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని తినడం అలవాటు చేసుకున్నాం.

ఇక్కడ చెప్పాల్సిన సంగతేమిటంటే, మా అమ్మ జన్మంతా ఇంగ్లీషు టీచరు. మామయ్యగారు జన్మంతా ఫ్రెంచి మాస్టారు. ఇద్దరూ రిటైరయ్యారు. రిటైరైన మాస్టారు ఒక్కరుంటేనే ఇంట్లో వాళ్ళకి రోజూ తరగతి జరుగుతుంది. నాకు ఇద్దరు దొరికారు, మధ్యలో బల్ల మీద ఒక క్రియ.

అప్పటివరకూ వాళ్ళిద్దరూ కలుసుకుంది మా పెళ్ళిలో ఒకసారి, తర్వాత మా నాన్న పోయినప్పుడు, అత్తయ్యగారు పోయినప్పుడు. వియ్యాలవారికి తగ్గట్టు ఆవిడ 'అన్నయ్యగారూ' అనేది, ఆయన 'చెల్లెమ్మగారూ' అనేవారు. అంతకుమించి మాటల్లేవు. అందుకని మొదటి రోజు మామయ్యగారు కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని ఏం రాశానో చూస్తానంటే, అమ్మ కూడా సోఫా మీంచి లేచి వచ్చి అటు పక్కన కూర్చుంటే, పోనీలే ఇద్దరికీ కాలక్షేపం అనుకున్నాను. కొరివితో తల గోక్కోవడమని అప్పుడు తోచలేదు.

మొదటి గొడవ పరీక్ష దగ్గర వచ్చింది. ఇంగ్లీషులో పరీక్షని టేక్ చేస్తారు. దానికి ఫ్రెంచిలో 'పాసే' రాయమని మామయ్యగారు చెప్పారు. అమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"పాసవడం అంటే నెగ్గడం కదా అన్నయ్యగారూ."

"అది ఇంగ్లీషులో. మాకు పరీక్ష రాస్తే చాలు, పాసే."

"తప్పినవాడు?"

"వాడూ పాసే. రాశాడు కదండీ పాపం."

తప్పినవాణ్ణి పాసన్న భాషని తన సర్వీసులో చూడలేదని అమ్మ అంది. తమ మాట ఎత్తుకుపోయి ఇంగ్లీషువాళ్ళు తలకిందులు చేసుకుంటే దానికి తాము పూచీ కాదని ఆయన అన్నారు. ఫ్రెంచి గురించి చెప్పినప్పుడల్లా ఆయన 'మా' అంటారు, వాళ్ళంతా ఆయన మేనమామ పిల్లలైనట్టు. ఆ ఒక్క మాట మీద ఆ పూట నడిచింది. మధ్యాహ్నం వంట నేనే చేశాను. వాళ్ళు తింటూ కూడా వాదించుకున్నారు. సాయంత్రానికి నా ఖాతాలో ఒకే ఒక్క లైను ఉంది, అదీ నాకు ముందే తెలిసినది.

మర్నాటి నుంచి అదే వరస. నేను లేచేసరికే ఇద్దరూ బల్ల దగ్గర తయారు. ఎవరి నిఘంటువు వాళ్ళ ముందు, ఎవరి పెన్సిలు వాళ్ళ చెవి వెనక. నా కుర్చీలో నేను కూర్చోవాలంటే జరగండి అని అడగాలి. మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. రోజంతా లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ళని బయటికి లాగి ఇంటికొస్తే, ఇక్కడ అందరూ ఒక మాటలో ఇరుక్కుని ఉన్నారని నవ్వేవాడు. నాకు నవ్వు రాలేదు. నువ్వైనా మీ నాన్నకి చెప్పమంటే, చెప్తే ఆయన నొచ్చుకుంటారనేవాడు. నేను మా అమ్మకి చెప్తే, సాయం చేస్తుంటే చేదైందా అనేది. కింది వాటాలో కుట్టుపని చేసే ఆవిడ ఒకరోజు మెట్ల మీద ఆపి, మీ పెద్దవాళ్ళకి పడదామ్మా అని జాలిగా అడిగింది. పడదండీ అన్నాను.

మామయ్యగారితో ఇంకో చిక్కు కూడా ఉంది. మనకున్నట్టే ఫ్రెంచిలోనూ నువ్వు, మీరు ఉన్నాయి. స్నేహితుడికి 'తీసుకో' అనాలంటే 'ప్రాం', పెద్దవాళ్ళకి 'తీసుకోండి' అనాలంటే 'ప్రెనే'. మామయ్యగారు రాసిన ఉదాహరణల్లో ఒక్క 'ప్రాం' లేదు. ఆయన లోకంలో 'నువ్వు' అనేదే లేదు. కోడలినైన నన్నూ మీరంటారు, కన్నకొడుకునీ మీరంటారు. చెత్త తీసుకెళ్ళే మనిషినీ, సందులో గోళీలాడే పిల్లల్నీ మీరంటారు. బాల్కనీలోకి వచ్చే పిల్లిని కూడా ఎండలో కూర్చోకండి, లోపలికి రండి అంటారు. నేనూ మా ఆయనా మొదటి నుంచీ ఒకళ్ళనొకళ్ళం నువ్వనే అనుకునేవాళ్ళం. అది వినపడినప్పుడల్లా ఆయన పేపరు కొంచెం పైకెత్తుకునేవారు.

మొదటి విడత కాగితాలు పంపగానే సంపాదకురాలు ఫోన్ చేసింది. ఈ నిఘంటువులో పదేళ్ళ పిల్లలు ఒకళ్ళనొకళ్ళు 'మీరు' అని మన్నించుకుంటున్నారేమిటి, బంతి తీసుకోండి అని ఏ పిల్లాడైనా అంటాడా అని అడిగింది. నేను అన్నీ దిద్దాను. మామయ్యగారు నేను వంటింట్లో ఉండగా మళ్ళీ అన్నీ వెనక్కి దిద్దారు. అడిగితే, మర్యాద చిన్నప్పుడే రావాలండీ, పెద్దయ్యాక రాదు అన్నారు. నేను స్నానాలగదిలోకి వెళ్ళి పంపు తిప్పి కాసేపు అక్కడే నిలబడ్డాను.

ఎండలు ముదిరాయి. ఫ్యాను గాలికి కాగితాలు ఎగిరిపోకుండా వాటి మీద చెంచాలు, గిన్నె మూతలు పెట్టుకున్నాం. అప్పటికి 'టేక్ ఫర్ గ్రాంటెడ్' దగ్గరికి వచ్చాం. ఒక సంగతిని ఖాయమనుకోవడానికి ఫ్రెంచిలో మాట ఉంది. అది రాసేసి ముందుకు పోదామన్నాను. అమ్మ ఒప్పుకోలేదు.

"ఇది సంగతులకి సరిపోతుంది మాస్టారూ. మనుషులకి సరిపోదు. ఒక మనిషిని అలా అనుకుంటే ఏమంటారు మీవాళ్ళు?"

ఎప్పుడు 'అన్నయ్యగారూ' పోయి 'మాస్టారూ' వచ్చిందో నేను గమనించలేదు. మామయ్యగారు పెన్సిలు కింద పెట్టి చాలాసేపు ఆలోచించారు. మనుషుల విషయంలో తమకి ఒక్క మాట లేదనీ, వాక్యమంతా చెప్పుకోవాలనీ అన్నారు.

"ఎలా చెప్తారు?"

"'నేను ఎప్పటికీ ఇక్కడే ఉంటానని ఆయన అనుకుంటాడు.' ఇలా చెప్పాలి."

అమ్మ చెవి వెనక పెన్సిలు తీసి కింద పెట్టింది. లేచి వెళ్ళి కాఫీ పెట్టుకొచ్చింది, ముందు ఆయనకే ఇచ్చింది. నాకు తట్టిందల్లా ఆ వాక్యం నా కాలమ్‌లో పట్టదన్న చిరాకు ఒక్కటే. నిఘంటువు పిల్లలది, మన ఇంటి భారతం కాదు అని విసుక్కుని దాన్ని సగానికి కత్తిరించాను. వాళ్ళిద్దరూ అడ్డు చెప్పలేదు. వాళ్ళు అడ్డు చెప్పకపోవడం ఆ వేసవిలో అదే మొదటిసారి. హమ్మయ్య అనుకున్నాను.

ఆ తర్వాత ఇల్లు సద్దుమణిగింది. ఆఫీసులో సమావేశానికి వెళ్ళి వస్తే బల్ల మీద రెండు పేజీలు పూర్తయి ఉండేవి, చక్కటి దస్తూరీతో. ఒక లైను అమ్మది, ఒక లైను మామయ్యగారిది. ఎక్కడా కొట్టివేతల్లేవు. కుట్టుపని ఆవిడ మళ్ళీ మెట్ల మీద ఆపి, పెద్దాయన అంత గట్టిగా నవ్వుతారని తెలీదమ్మా అంది. నేనూ ఎప్పుడూ వినలేదు. కానీ వాళ్ళు కొట్టుకోకపోతే చాలు, పని జరుగుతోంది కదా అని ఆ కాగితాలు పెద్దగా చూడకుండానే టైపు చేసి పంపాను.

సంపాదకురాలు ఈసారి ఫోన్ చెయ్యలేదు, ఆఫీసుకి రమ్మంది. నా ముందు కాగితం పెట్టి ఒక లైను కింద గోరుతో గీసింది. ఇంగ్లీషు వాక్యం: పెళ్ళి మంగళవారం జరుగుతుంది. జరగడానికి ఇంగ్లీషులో 'టేక్ ప్లేస్' అంటారు. దాన్ని మాటకి మాట ఫ్రెంచిలోకి దించేస్తే 'కుర్చీలో కూర్చోవడం' అవుతుంది. మొదటి ఏడాది పిల్లలు చేసే తప్పు. నా కాగితంలో అదే ఉంది.

"మీ నిఘంటువు ప్రకారం పెళ్ళి మంగళవారం నాడు ఆసీనమవుతుంది" అంది సంపాదకురాలు. నవ్వలేదు. ఆ పేజీలో అలాంటివి ఇంకా ఉన్నాయని చూపించింది. ఒక్క అవకాశం ఇస్తాననీ, మొత్తం మళ్ళీ చేసివ్వకపోతే టేక్‌ని ఇంకొకళ్ళకి ఇచ్చేస్తాననీ చెప్పింది. టేక్ పోతే దాంతోపాటు ఏం పోతుందో ఆవిడా చెప్పలేదు, నేనూ అడగలేదు.

బస్సులో వస్తున్నంతసేపూ నాకు ఒళ్ళు మండిపోతూనే ఉంది. ఆ తప్పు అమ్మ చేసింది సరే, ఆవిడ ఇంగ్లీషు టీచరు. మామయ్యగారి కంట పడకుండా ఎలా పోయింది? ఈ తప్పు రాసిన పిల్లలతో ఆయన పేజీ నిండా దిద్దుబాటు రాయించేవారని మా ఆయన కథలుగా చెప్తాడు. ఇంటికి రాగానే కాగితం ఆయన ముందు పెట్టాను. ఆయన చూశారు. తప్పేనన్నారు. రాసిన రోజే చూశానన్నారు.

"చూసి ఎలా వదిలేశారు మామయ్యగారూ?"

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "ఆవిడ ఎంతో సంతోషంగా చెప్పారండీ. కాదనబుద్ధి కాలేదు."

నాకు ఏడుపొక్కటే తక్కువ. నా ఉద్యోగం ఊగిసలాడుతుంటే ఈయనకి కాదనబుద్ధి కాలేదట. ఇక నుంచి బల్ల దగ్గరికి ఎవరూ రావద్దని చెప్పేశాను. ఇద్దరూ తలూపారు. మర్నాటి నుంచి వాళ్ళు వంటింట్లో కూర్చోవడం మొదలుపెట్టారు.

ఆ ఆదివారం మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. నేల మీద కూర్చుని టేబుల్ ఫ్యాను విప్పి బాగుచేస్తున్నాడు. నేను బల్ల దగ్గర మొదటి పేజీ నుంచి దిద్దుకుంటున్నాను. వంటింటి తలుపు తీసే ఉంది. అమ్మ తడిగుడ్డ పెట్టి కిటికీ అద్దం తుడుస్తోంది. బయటివైపు కూడా తుడవాలని నడుము దాకా బయటికి వంగింది. మూడో అంతస్తు. నేను కసురుదామని నోరు తెరిచాను. అంతలో మామయ్యగారి గొంతు వినిపించింది.

"నువ్వు లోపలికి రా. పడతావు."

"ఈ మూల ఒక్కటే. అయిపోయింది" అంది అమ్మ.

అంతే. అమ్మ ఆ మూల తుడిచి, లోపలికి వచ్చి గుడ్డ పిండుకుంది. ఉలిక్కిపడలేదు. ఎప్పుడూ వింటున్న మాటకి జవాబు చెప్పినట్టే చెప్పింది. నేను మా ఆయన వైపు చూశాను. అతని చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. తలెత్తలేదు. కాసేపయ్యాక ఫ్యానుని అలాగే వదిలేసి లేచి, బ్రెడ్డు తెస్తానన్నాడు. ఇంట్లో బ్రెడ్డు ఉంది. నేనూ చెప్పులేసుకున్నాను.

మెట్లు దిగి, వీధి మలుపు దాకా నడిచాం. బేకరీ ముందు ఆగాడు.

"మా అమ్మని కూడా మీరనేవాడు" అన్నాడు. "ఆఖర్న ఆసుపత్రిలో చెయ్యి పట్టుకుని కూర్చుని కూడా, నీళ్ళు తాగుతారా అనే అడిగాడు."

బ్రెడ్డు కొనుక్కుని వచ్చేశాం.

నేను వారం రోజులు కూడా ఓపిక పట్టలేకపోయాను. మా ఆయన పనికి వెళ్ళి, మామయ్యగారు గ్రంథాలయానికి వెళ్ళిన ఒక పొద్దున్న, బాల్కనీలో ఉతికిన బట్టలు మడతపెడుతూ అమ్మని అడిగేశాను. డొంకతిరుగుడు లేకుండా ఆవిడా చెప్పేసింది. గొట్టాల పని అయిపోవస్తోందట. తనింటికి వెళ్ళిపోతుందట. ఆయన కూడా వస్తారట. ఇద్దరూ కలిసి ఉందామనుకుంటున్నారట, కాగితం మీద కూడా సంతకాలు పెట్టుకుంటారట.

నాకు ముందు కోపం రాలేదు, లెక్క తప్పింది. మామగారు నాకు తండ్రి అవుతారు. మా అమ్మ మా ఆయనకి తల్లి అవుతుంది. అలా చూస్తే ఇన్నేళ్ళుగా నేను కాపరం చేస్తున్నది ఎవరితో? కింది వాటా ఆవిడకి ఏమని చెప్పాలి? కోపం ఆ తర్వాత వచ్చింది.

"ఆయన్ని అన్నయ్యగారూ అని పిలిచావు కదమ్మా, ఇన్నేళ్ళూ."

"ఏదో ఒకటి పిలవాలిగా. మీ పెళ్ళికి ఎవరో పెద్దావిడ ఇలా పిలవమంది, పిలిచాను. ఆ వరస నేను కోరి పెట్టుకున్నదా?"

"మరి నాన్న?"

అమ్మ దిండు గలీబుని నాలుగుసార్లు దులిపింది. దానికి అంత దులుపుడు అక్కర్లేదు.

"మీ నాన్న మంచివాడు. ఆయన్ని ఒక్క మాట అననివ్వను. కానీ నేనేం చెప్పినా, నీ ఇష్టం అనేవాడు. కర్టెన్లు కొన్నా నీ ఇష్టం, నీ చదువు మాన్పిస్తానని బెదిరించినా నీ ఇష్టం. గోడకి చెప్పుకున్నట్టుండేది. ఈయన బల్ల దగ్గర కూర్చున్న మొదటి రోజే నేను చెప్పింది తప్పన్నాడు. నాకు ఎంత కోపమొచ్చిందో, రాత్రంతా జవాబు ఆలోచించుకున్నాను. పొద్దున్న లేవాలనిపించింది."

నేను ఇంకో చొక్కా మడతపెట్టాను. అనడానికి చాలా ఉన్నాయి. మా నాన్న కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారని ఉంది, నన్ను ముందు అడగాల్సిందని ఉంది, నా ఉద్యోగానికి ఎసరుపెట్టి మరీ ప్రేమించుకోవాలా అని కూడా ఉంది. మడతపెట్టిన బట్టల్లో సగం మా ఆయనవి, సగం వాళ్ళ నాన్నవి. వేరు చేసి లోపల పెట్టాను.

గొట్టాల పని అయిపోయింది. మామయ్యగారి సామాను ఎక్కువేం లేదు. రెండు పెట్టెలు, ఆ లావుపాటి నిఘంటువు. వెళ్ళే రోజు పొద్దున్న కొడుకుని కూర్చోబెట్టి, మీకు ఇష్టం లేకపోతే వెళ్ళనండీ అన్నారు. మా ఆయన గోడ కేసి చూస్తూ, ఇందులో నా ఇష్టమేముంది నాన్నా అన్నాడు. ఆయన ఆ జవాబుని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకున్నట్టున్నారు. తర్వాత లేచి, హాల్లో గోడకున్న అత్తయ్యగారి ఫోటో మీద చెయ్యి వేశారు.

"అది ఉండనీ" అన్నాడు మా ఆయన.

మామయ్యగారు చెయ్యి తీసేశారు. చెప్పులేసుకుని, నాకు వెళ్ళొస్తానండీ అని చెప్పి, మెట్లు దిగారు. పెట్టెలు మా ఆయనే కిందికి మోసుకెళ్ళి ఆటోలో పెట్టాడు. అమ్మ ఆటోలోంచి నా వైపు చూసింది. నేను చెయ్యి ఊపాను, ఊపకపోతే బాగోదని.

ఇల్లు ఖాళీ అయింది. బల్ల మొత్తం నాదే. టేక్‌ని మొదటి నుంచి చివరి దాకా మళ్ళీ చేశాను, ఎవరినీ అడగకుండా. పిల్లలు పిల్లల్లా మాట్లాడుకున్నారు, పెళ్ళి మంగళవారం జరిగింది. నేను రాసిన లైనుని కాదనేవాళ్ళు లేరు, ఔననేవాళ్ళూ లేరు. ఇంత హాయిగా ఎప్పుడూ పనిచెయ్యలేదని రోజుకోసారి అనుకునేదాన్ని. సంపాదకురాలు అక్షరం ముక్క కొట్టెయ్యకుండా తీసుకుంది. ఆ నెలలోనే ఉద్యోగం ఖాయం చేస్తూ కబురు పెట్టింది. మా ఆయనకి చెప్తే సంతోషించాడు. ఇంకెవరికైనా చెప్పాలనిపించి ఫోను చేతిలోకి తీసుకుని, మళ్ళీ కింద పెట్టేశాను.

ఈ మధ్యలో వాళ్ళిద్దరూ రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళి సంతకాలు పెట్టుకున్నారు. మమ్మల్ని పిలిచారు. మా ఆయనకి ఆ రోజు లిఫ్టు పని ఉంది, నాకు తలనొప్పి.

వానలు మొదలైన కొత్తల్లో ఒక సెలవు రోజు, నేను లేచేసరికి హాల్లో గోడ బోసిగా ఉంది. మా ఆయన ఫోటోని దింపి, తువ్వాలులో చుట్టి, దానికి పురికొస కడుతున్నాడు. ఎక్కడికి అని నేను అడగలేదు. గొడుగు పట్టుకుని వెనకాల నడిచాను. బస్సులో దాన్ని ఒళ్ళో నిలబెట్టుకుని కూర్చున్నాడు. పక్కన సీటు ఖాళీ అయినా కింద పెట్టలేదు.

అమ్మ తలుపు తీసింది. ఇంట్లో కొత్త సున్నం వాసన. గోడ మీద మా నాన్న ఫోటో ఎప్పుడూ ఉండే చోటే ఉంది, పక్కన జాగా ఖాళీగా ఉంది. మామయ్యగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు కానీ ముందుకు రాలేదు. మా ఆయన ఎవరినీ పలకరించకుండా ముడి విప్పి, మేకు ఎక్కడ కొట్టమంటారని అడిగాడు.

అక్కడ మొదలైంది. అమ్మ ఇంకొంచెం పైకి అంది. పైన కొత్త గొట్టం వెళ్తోంది, పగులుతుందని మామయ్యగారు అన్నారు. గొట్టం అటు పక్క గోడలో ఉంది, వెయ్యడానికి గుర్తులు పెట్టినప్పుడు నేనున్నాను, నువ్వున్నావా అని అమ్మ. అన్ని గొట్టాలూ నువ్వు చూస్తే వంటింట్లో నీళ్ళెందుకు కారుతున్నాయని ఆయన. మా ఆయన ఒక చేత్తో ఫోటో, ఇంకో చేత్తో సుత్తి పట్టుకుని కుర్చీ మీద నిలబడి ఉన్నాడు. అతను గొంతెత్తడం నేనెప్పుడూ వినలేదు.

"ఇద్దరూ కాసేపు నోరు మూసుకుంటారా?"

ఇద్దరూ మూసుకున్నారు. అతను మేకు కొట్టాడు. గొట్టం పగల్లేదు. ఫోటో తగిలించి దిగాడు. అమ్మ చేతిరుమాలు తడిపి తెచ్చి అత్తయ్యగారి అద్దం మీద వేలిముద్రలు తుడిచింది. మామయ్యగారు మా నాన్న ఫోటో దగ్గరికి వెళ్ళి, కాస్త ఒరిగి ఉంటే సరిచేశారు. తర్వాత అందరం అన్నాలు తిన్నాం. నాకు ఉద్యోగం ఖాయమైందని చెప్పాను. జీతమెంత, సెలవులెన్ని అని ఇద్దరూ ఒకేసారి అడిగారు.

వెళ్ళొస్తామని తలుపు దగ్గరికి వేసి రెండు మెట్లు దిగామో లేదో, లోపల మళ్ళీ గొంతులు లేచాయి. రెండు ఫోటోల్లో ఏది పైకి ఉందని. మా ఆయన ఆగాడు. నేను గొడుగు తెరవబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపి, మెట్టు మీద కూర్చున్నాడు.

"వాన తగ్గనీ" అన్నాడు.

వాన అప్పటికే తగ్గింది. నేనూ పక్కన కూర్చున్నాను.